హార్మోనుల పాఠము, మూత్రపిండముల పాఠము: రెండును రైతు పాఠములే



పదవ తరగతి జీవశాస్త్ర పుస్తకములో విసర్జనమును గూర్చి యొక పాఠమును, నియంత్రణ సమన్వయములను గూర్చి వేరొక పాఠమును కలవు. మొదటిదానిలో మూత్రపిండములు రక్తమును వడకట్టు విధము చెప్పబడినది. రెండవదానిలో మనుష్య శరీరమందలి హార్మోనులతోపాటు మొక్కల హార్మోనులు వివరింపబడినవి. మన సభ్యుల బిడ్డలు ఏటేట ఈ పాఠములు చదువుచున్నారు, పటములు గీయుచున్నారు, పేర్లు వల్లించుచున్నారు, పరీక్ష ముగిసిన మరునాడు మరచుచున్నారు. ఇండ్లలోని పెద్దలు ఇవి వైద్యులు కాగోరువారికే గాని సేద్యము చేయువారికి పనికిరావని తలంచుచున్నారు.

నా యభిప్రాయము దీనికి పూర్తిగా విరుద్ధము. ఆ పుస్తకమంతటిలో సేద్యగాని ఇంటికి ఈ రెండింటికంటె దగ్గరి పాఠములు లేవు. ఒకటి మన చేతిలోని మందుసీసాను గూర్చినది. రెండవది ఎండలో పనిచేయు మన నడుము వెనుక నుండు అవయవమును గూర్చినది. రెండింటిలోను ముఖ్యవిషయములు నీరును, కొలతయునే. మన సంఘ దుకాణములో పెరుగుదల టానిక్కుల అమ్మకమును గూర్చి రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చ జరుగనున్నది. సభ్యులు చేయి యెత్తుటకు ముందు ఈ సంగతులను ఆలోచింపవలెనని వ్రాయుచున్నాను.

ఉప్పల్, నాచారము అనగానే నేటివారికి మెట్రో స్టేషను, క్రికెట్టు మైదానము, పారిశ్రామికవాడ జ్ఞప్తికి వచ్చును. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో హైదరాబాదు మహానగరమున కలిసినది; మెట్రో రైలు 2017లో వచ్చినది. చెరువుల క్రింది ఆయకట్టు చాలవరకు ఇండ్ల స్థలములైనది. ఐనను మూసీ వెంట పీర్జాదిగూడ, పర్వతాపురము, ప్రతాపసింగారముల వైపున గడ్డియు, వరియు, ఆకుకూరలును పండించు కుటుంబములు కలవు. మరికొందరు సభ్యులకు ఇల్లు ఇచ్చటను, చేను దూరముగా తూర్పునను ఉన్నవి. తార్నాకనుండి ఉప్పల్ వచ్చు మార్గమున జాతీయ పోషకాహార సంస్థయు, రసాయన సాంకేతిక సంస్థయు, సి.సి.ఎం.బి. యను జీవశాస్త్ర కేంద్రమును నిలిచియున్నవి. ఇంత విజ్ఞానము మన గుమ్మము ముందర నుండగా, సీసాపై నేమి వ్రాసియున్నదో చదువకయే మందు కొట్టుట మనకు తగునా?

మొక్కలలోని నీరటి

హార్మోను అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ప్రేరేపించునది అని దాని యర్థము. 1905లో స్టార్లింగు అను ఆంగ్లేయ శరీర శాస్త్రజ్ఞుడు దానిని వాడుకలోనికి తెచ్చెను. జీవి శరీరములో ఒకచోట పుట్టి, మిక్కిలి స్వల్పమైన పరిమాణములో వేరొకచోటికి పోయి, అచ్చటి పనిని నడుపు పదార్థమే హార్మోను. చెరువు తూమువద్ద నుండు నీరటిని తలచుకొనుడు. అతడు నీటిని మోయడు. తూమును తీయును, మూయును. అతడొక్కడు తప్పినచో ఆయకట్టంతయు ఎండుటయో మునుగుటయో జరుగును. హార్మోను పనియు అట్టిదే.

ఈ విజ్ఞానము పండితుల గదులలో మాత్రమే పుట్టినది కాదు. జపాను దేశపు రైతులు తమ నారుమళ్లలో కొన్ని మొలకలు తక్కిన వానికంటె పొడవుగా, సన్నముగా ఎదిగి, పాలిపోయి, గింజ పట్టకయే చచ్చుటను ఏండ్ల తరబడి చూచుచుండిరి. దానికి వారు "తెలివిలేని నారు" అని పేరు పెట్టిరి. 1926లో కురొసావా అను శాస్త్రజ్ఞుడు ఒక బూజు విడుచు పదార్థమే దీనికి కారణమని చూపెను. 1935లో యాబుటా యను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ పదార్థమునకు జిబ్బరెల్లిన్ అని నామకరణము చేసెను. నేడు గింజలేని ద్రాక్షకాయ లావగుటకు తోటలలో చల్లునది ఈ వర్గములోనిదే. గింజగల ద్రాక్షలో గింజయే ఈ పదార్థమును కాయకు అందించును. గింజ లేనిచోట మనము అందింపవలసి వచ్చుచున్నది. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుపడిన హైదరాబాదు ప్రాంతపు వారికి ఇది తెలియదగిన విషయము.

చార్లెస్ డార్విను 1880లో గడ్డి మొలకలు వెలుగువైపు వంగుటను పరిశీలించి, మొలక కొనకు టోపీ తొడిగినచో అది వంగదని చూపెను. వెలుగును గ్రహించునది కొన. వంగునది దాని క్రింది భాగము. కొననుండి క్రిందికి వార్త మోసికొని పోవు పదార్థమును 1926 ప్రాంతమున హాలెండు దేశమున వెంటు అను యువకుడు వేరుచేసి చూపెను. అదియే ఆక్సిన్. చామంతి నారు కొన గిల్లినచో ప్రక్క కొమ్మలు వచ్చునని మన పూలతోటల స్త్రీలకు తెలియును. కొననుండి దిగు ఆక్సిన్ ప్రక్క మొగ్గలను అణచియుంచును. కొన పోయినచో ఆ యదుపు తొలగును. పని మనది, పేరు పుస్తకముది.

అట్లే మామిడికాయలను వరిగడ్డిలో మాగవేయుటయు, అరటి గెలలకు పొగ పెట్టుటయు మన తాతలు ఎరిగిన పనులు. పొగలోను, ముగ్గుచున్న పండులోను ఇథిలీన్ అను వాయువు కలదు. 1901లో నెల్యుబోవు అను రష్యా దేశస్థుడు, ప్రయోగశాలలోని దీపపు వాయువులో ఉన్న ఇథిలీన్ బఠాణీ మొలకల పెరుగుదలను చెరచుటను కనుగొనెను. పండ్లే స్వయముగా ఆ వాయువును పుట్టించునని 1934లో తేలినది. మ్రగ్గిన పండొకటి బుట్టలో నున్నచో తక్కినవి త్వరగా మ్రగ్గుటకు కారణమిదియే.

మందును చంపుమందును ఒకే వర్గము

ఇక కొలత సంగతి. మిరప, మామిడి మొదలగు వానిలో పూత, పిందె రాలకుండ ఎన్.ఏ.ఏ. యను కృత్రిమ ఆక్సిన్‌ను చల్లుట వాడుకలో నున్నది. విపణిలో దొరకునది 4.5 శాతపు ద్రవము. అనగా ఒక లీటరులో 45 గ్రాములు. ఒక మిల్లీలీటరులో 45 మిల్లీగ్రాములు. ఒక మిల్లీలీటరును 4.5 లీటర్ల నీటిలో కలిపినచో లీటరునకు 10 మిల్లీగ్రాములు, అనగా పదిలక్షల పాళ్లకు 10 పాళ్లు వచ్చును. పంటకు వలసినది ఇంతమాత్రమే. ఈ లెక్కను బట్టి 15 లీటర్ల పంపునకు 3.3 మిల్లీలీటర్లు చాలును. 10 మిల్లీలీటర్లు పట్టు సీసామూతతో "ఒక మూత" పోసినవాడు, తనకు తెలియకుండగనే మూడు రెట్లు పోసినవాడగును.

మూడు రెట్లు పోసినచో మూడు రెట్లు మేలు కలుగునని తలంచుట ఎరువు విషయముననే తప్పు. హార్మోను విషయమున మరియు తప్పు. ఆపిలు తోటలలో మితిమీరిన కాతను రాల్చుటకు వాడునది సహితము ఈ ఎన్.ఏ.ఏ.యే! కాలమును కొలతయు మారినచో, పిందెను నిలుపు పదార్థమే పిందెను రాల్చును.

దీనికంటె స్పష్టమైన దృష్టాంతము 2,4-డి యను కలుపుమందు. 1945 ప్రాంతమున అమ్మకమునకు వచ్చిన ఈ మందు విషములలో విలక్షణమైనది; ఇదియు కృత్రిమ ఆక్సినే. వెడల్పు ఆకుల కలుపుమొక్క దీనిని గ్రహించి, అదుపు తప్పి మెలికలు తిరిగి పెరిగి చచ్చును. వరి, మొక్కజొన్న మొదలగు గడ్డిజాతి పైరులు సరియైన కొలతలో దీనిని తాళుకొనును. పత్తియు, ద్రాక్షయు, టమాటయు తాళలేవు. గెట్టు అవతల వరిమడిలో గాలినాడు కొట్టిన తుంపర పత్తిచేనుపై పడినచో, పత్తి ఆకులు సన్నగిల్లి బెండాకుల వలె చీలికలగును. అట్టి చేలను చూచి తెగులు వచ్చినదని వేరొక మందు కొనుటకు పరుగెత్తిన రైతులను నే నెరుగుదును. కలుపుమందు కొట్టిన పంపును పైపైన కడిగి, మరునాడు దానితోనే పత్తికి పురుగుమందు కొట్టినను ఇట్లే యగును. ఇది తెగులు కాదు. ఇది పదవ తరగతి పాఠము.

ఈ విషయములు చెప్పి హార్మోనులన్నియు హానికరములని భయపెట్టుట నా యుద్దేశము కాదు. తెలిసి, కొలిచి, కాలమెరిగి వాడినచో అవి రైతుకు సహాయకములు. కాని సీసాలో నున్నది ఏ హార్మోనో, ఎంత శాతమో తెలియకుండ వాడుట మాత్రము సేద్యము కాదు, జూదము. ఎన్.ఏ.ఏ., జిబ్బరెల్లిక్ ఆమ్లము వంటి పెరుగుదల నియంత్రకములు 1968 నాటి పురుగుమందుల చట్టము క్రిందికి వచ్చును. వాని సీసాపై పదార్థపు పేరును, శాతమును ఉండి తీరవలెను. సముద్రపు నాచు సారము మొదలగు బయోస్టిమ్యులెంట్లను కేంద్ర ప్రభుత్వము 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోనికి తెచ్చినది. ఈ రెండింటిలో ఏ దారినను రాని సీసా మన దుకాణపు అలమారలో నుండదగదు.

పండ్ల విషయమును ఇట్టిదే. కాల్షియము కార్బైడు తేమ తగిలినప్పుడు వెడలించు అసిటిలీన్ వాయువు ఇథిలీన్‌ను అనుకరించి కాయకు రంగు తెచ్చును. కాని విపణిలోని కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధమైన విషపదార్థములు లేశమాత్రముగ కలిసియుండును. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కార్బైడుతో పండ్లను మాగబెట్టుటను నిషేధించినవి. దానికి మారుగా, మూసిన గదిలో పదిలక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండ ఇథిలీన్ వాయువును వాడుటకు అనుమతి కలదు. ఈ గదులను ఒక్కొక్క రైతు కట్టుకొనలేడు. పలువురు కూడినచో కట్టుకొనగలరు. సహకారమన నిదియే గదా.

రోజునకు పన్నెండు పంపులు

ఇక రెండవ పాఠమునకు వచ్చెదను. మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, నడుమునకు కొంచెము పైన నుండును. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల తూకము. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల వృక్కనాళికలు కలవు. హృదయము వెడలించు రక్తములో అయిదవ వంతు వీనిగుండ పోవును. దినమునకు వడపోతకు వచ్చు ద్రవము సుమారు 180 లీటర్లు. మనము వీపున మోయు 15 లీటర్ల పంపుతో కొలిచినచో పన్నెండు పంపులు! ఆ పన్నెండు పంపుల నీటిలో వెలుపలికి పోవునది లీటరున్నర మాత్రమే. మిగిలినదంతయు ఉప్పులతో, చక్కెరతో సహా తిరిగి రక్తములో చేరును. మలినము మాత్రము బయటికి పోవును. ఇంత నిపుణముగా నీటి లెక్క చూచు ఇంజనీరు మన నీటి పారుదల శాఖలో నున్నాడని నేను వినలేదు.

ఈ లెక్కను నడుపునదియు ఒక హార్మోనే. దాని పేరు వాసోప్రెసిన్. ఎండలో చెమటపోసి రక్తము చిక్కబడగానే మెదడు దానిని గుర్తించి వాసోప్రెసిన్‌ను విడుచును. అది మూత్రపిండములోని సన్నని గొట్టములవద్ద తూము తీసి, నీటిని రక్తములోనికి మరలించును. అందుచే మూత్రము తగ్గి, పసుపుపచ్చగా చిక్కబడును.

మొక్కలో సరిగా ఇట్టి పనియే అబ్సైసిక్ ఆమ్లము అను హార్మోను చేయుచున్నది. నేల యెండి వేరునకు నీరందనప్పుడు ఆకులలో ఈ ఆమ్లము హెచ్చును. ఆకులపైనుండు పత్రరంధ్రములు మూసికొనును. ఆవిరియగు నీరు ఆగును. మొక్కకు మూత్రపిండము లేదు, మనకు పత్రరంధ్రములు లేవు. ఐనను కరవు వచ్చినప్పుడు ఇద్దరమును ఒకే రీతిగా, ఒక స్వల్ప పదార్థపు ఆజ్ఞతో నీటిని పొదుపు చేయుచున్నాము. రెండు పాఠములును ఒకే పుస్తకములో నుండుటకు ఇంతకంటె మంచి కారణము వేరొకటి నాకు తోచదు.

అయితే పొదుపునకు హద్దు కలదు. పత్రరంధ్రములు మూసికొన్న మొక్క గాలిని గూడ తీసికొనజాలదు గావున దాని పెరుగుదల ఆగును. దినముల తరబడి అట్లుండిన పైరు దిగుబడి నీయదు. మనుష్యునకును అంతియే. ఎంత పొదుపు చేసినను దినమునకు అర లీటరు మూత్రమైనను పోనిదే మలినములు తొలగవు. వైశాఖ జ్యేష్ఠములలో ఉదయమునుండి మూడు గంటలదాక నీరు త్రాగకుండ కలుపు తీసిన కూలికి మూత్రపిండములు ఎంత కష్టపడవలెనో ఆలోచింపుడు. వాడిన మొక్కను చూచి మోటారు పెట్టుటకు పరుగెత్తుదుము. మన మూత్రము పసుపుపచ్చగా వచ్చుటను చూచి చెంబు నెత్తుకొనము.

ఇంకను రెండు అలవాట్లు ఈ కష్టమును పెంచుచున్నవి. మొదటిది, పని ముగిసిన పిమ్మట నీటికి బదులు కల్లో సారాయో త్రాగుట. మద్యము వాసోప్రెసిన్‌ను అణచును; అందుచే ఎండిన శరీరమునుండి నీరు మరింత పోవును. దప్పి తీరినట్లు తోచునేగాని తీరదు. రెండవది, ఒళ్లునొప్పులకు దుకాణములో అడిగి తెచ్చుకొను బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిబిళ్లలు, శరీరము నీరులేక అలసియున్నప్పుడు, మూత్రపిండములకు పోవు రక్తప్రవాహమును తగ్గించును. ఒకనాడు వేసికొన్న బిళ్లతో అందరికిని ముప్పు రాదు. కాని ఎండలో పని, నీటి కొరత, ప్రతిరాత్రి బిళ్ల, ఈ మూడును కలిసి ఏండ్లు గడచినచో ముప్పు రాకపోవుట అదృష్టమే.

ఉద్దానము చెప్పు పాఠము

ఇది దూరపు మాట కాదు. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములను కలిపి ఉద్దానమందురు. ఉద్యానవనము అను మాటనుండియే ఆ పేరు వచ్చినది. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కన్నుల పండువగా నుండు ఆ సీమలో, మధుమేహముగాని రక్తపుపోటుగాని లేని రైతులును కూలీలును దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి లోనగుచున్నారు. ఆ వ్యాధికి ఒక్కటే కారణమని శాస్త్రజ్ఞులు ఇంతవరకు తేల్చి చెప్పలేదు. త్రాగునీరు, ఎండలోని శ్రమ, రసాయనములు మొదలగు వానిని పరిశోధించుచున్నారు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును, 200 పడకల దవాఖానాయు, హిరమండలమునుండి నదీజలమును తెచ్చు త్రాగునీటి పథకమును ప్రారంభింపబడినవి. శ్రీలంకలోని వరిసాగు ప్రాంతములలోను, మధ్య అమెరికాలోని చెరకు తోటలలోను ఇట్టి వ్యాధియే పొలములో పనిచేయువారిని పట్టుచున్నది. ఆ చెరకు తోటలలో పనివారికి నీరు, నీడ, నియమిత విశ్రాంతి ఏర్పరచినచోట మూత్రపిండములకు కలుగు హాని తగ్గినట్లు పరిశీలకులు చూపిరి. ఈ మూడింటిలో ఏది మన శక్తికి మించినది?

నీటిలో కనబడకుండ వచ్చు లోహముల సంగతియు మూసీ ఒడ్డువారు తెలిసికొనదగినది. జపానులో జింజూ నదిపైన గనులనుండి వచ్చిన కాడ్మియము ఆ నదీజలముతో వరిమళ్లలో చేరెను. ఆ బియ్యము తిన్నవారి మూత్రపిండముల నాళికలు చెడి, ఎముకలు పెళుసెక్కి, రోగులు నొప్పితో అరచుచుండిరి. ఆ అరపే వ్యాధికి పేరైనది: ఇతాయి-ఇతాయి. 1968లో ఆ దేశ ప్రభుత్వము దీనిని కాలుష్యమువలన వచ్చిన వ్యాధిగా అంగీకరించినది. కాడ్మియము ఒకసారి మూత్రపిండమున చేరినచో దశాబ్దముల తరబడి అచ్చటనే యుండును. మన నేలలో కాడ్మియము కలదని నేను చెప్పుటలేదు. నగరపు మురుగునీరును కర్మాగారముల నీరును కలియు చోట సేద్యము చేయువారు, ఊహతో నిశ్చింతగా నుండక, మట్టిని నీటిని లోహములకై పరీక్ష చేయించుకొనవలెనని మాత్రమే చెప్పుచున్నాను. అంబర్‌పేట, నాగోలులలోని మురుగుశుద్ధి కేంద్రములు ముఖ్యముగా సేంద్రియ మలినమును తొలగించుటకు కట్టబడినవి. లోహముల భారమంతయు వానిపై వేయరాదు.

సంఘము చేయదగినది

పై సంగతులనుండి నా కోరికలు సహజముగనే తేలుచున్నవి. పదార్థపు పేరు, శాతము, అనుమతి సంఖ్య లేని యే సీసానైనను మన దుకాణము అమ్మరాదు. పెరుగుదల నియంత్రకము కొన్న ప్రతి సభ్యునకు మిల్లీలీటరు గుర్తులుగల చిన్న కొలతపాత్ర నొకటి ఇయ్యవలెను. కలుపుమందునకు మాత్రమే వాడు పంపులు కొన్ని సంఘమే కొని అద్దెకు ఇయ్యవలెను. సభ్యులు, వారివద్ద పనిచేయు కూలీలు ఏడాదికొకసారి మూత్రములో ఆల్బుమిన్‌కును, రక్తములో క్రియాటినిన్‌కును పరీక్ష చేయించుకొనునట్లు ప్రభుత్వ దవాఖానాతో ఏర్పాటు చేయవలెను. మూత్రపిండముల శక్తి సగము తగ్గువరకు క్రియాటినిన్ పెరుగుట కానరాకపోవచ్చును, నొప్పియు తెలియదు. అందువలననే మూత్రపరీక్ష గూడ అవసరము. చివరిది, చేనిగెట్టున నీడయు, మంచినీటి కుండయు, పావుగంట ఇరువది నిమిషముల కొకమారు గ్లాసెడు నీరు త్రాగు నియమమును కూలివారి హక్కుగా సభ్యులందరు అంగీకరింపవలెను. మూత్రపిండ వ్యాధియో, హృద్రోగమో ఉన్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలత ప్రకారము త్రాగవలెను.

దీనికి వచ్చు ఆక్షేపణలు నేనెరుగుదును. టానిక్కుల అమ్మకమువలన దుకాణమునకు లాభము వచ్చుచున్నదనియు, మనము అమ్మకున్నచో సభ్యులు ప్రక్క దుకాణములో కొందురనియు కొందరు పెద్దలు చెప్పుచున్నారు. మొదటి మాట నిజమే. కాని సహకార సంఘపు లాభమనునది సభ్యుని జేబునుండి సభ్యుని జేబునకే రావలసినది. పనికిరాని సీసాకు అతడిచ్చిన సొమ్ములో కొంత సంవత్సరాంతమున డివిడెండుగా తిరిగి ఇచ్చుట లాభము కాదు; మన చేతితోనే మన చెవి పట్టుకొనుట. రెండవ మాటకు నా సమాధానమిది: ప్రక్క దుకాణమువాడు అమ్మువాడు మాత్రమే, మనము చెప్పవలసినవారము. అన్ని దుకాణములును ఒకటియే యైనచో సంఘమును స్థాపింపవలసిన పనియే లేకుండెను.

మరికొందరు, తాతలు ఎండలో పనిచేయలేదా, వారికి ఈ పరీక్షలు ఎక్కడివి అందురు. తాతలు తెల్లవారుజామున చేనికి పోయి, ఎండ ముదురగానే చెట్టునీడకు వచ్చి, అంబలియు మజ్జిగయు త్రాగుచుండిరి. మనము ఆ మజ్జిగను మాని, ఆ నీడచెట్టును కొట్టి, ఎండను మాత్రము ఉంచుకొంటిమి. మూత్రపిండములు చెడినచో రక్తశుద్ధికై వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్కమారు సుమారు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి యుండవలెను. సర్కారు ఖర్చు భరించినను, ఆ దినములలో చేనికి నీరు కట్టువాడెవ్వడు? పాలు పితుకువారెవ్వరు? ఒక్క మనుష్యుని జబ్బు ఇంటిల్లిపాది సేద్యమును అణచివేయును.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. "మొక్కల హార్మోనులు ఐదు వ్రాయుము" అను ప్రశ్నకు బాలుడు ఐదు పేర్లు వ్రాసినచో మార్కులు వేయుడు. కాని మీ యింటి మందుసీసాపై వానిలో ఏ పేరున్నదో చూచి రమ్మని గూడ అడుగుడు. వృక్కనాళిక పటము గీసిన బాలికను, మీ యమ్మ చేనిలో దినమునకెన్ని గ్లాసుల నీరు త్రాగునో లెక్క వ్రాసికొని రమ్మనుడు. ఈ రెండు ప్రశ్నలకు ఖర్చు లేదు.

సర్వసభ్య సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి సభ్యుడును తన యింట వాడుచున్న పెరుగుదల మందుల సీసాల నన్నింటిని వెంట తెచ్చునుగాక. చదువుకొనుచున్న కొడుకునో కూతురునో, వారి జీవశాస్త్ర పుస్తకముతో సహా పిలుచుకొని వచ్చునుగాక. సీసాపైనున్న పేరును పిల్లలు బిగ్గరగా చదువుదురు. పేరు దొరకని సీసాలను ఒక ప్రక్కన పెట్టుదము. ఆ ప్రక్క ఎన్ని చేరునో కన్నులార చూచిన పిమ్మట తీర్మానమునకు ఓటు వేయుదము.

ఇట్లు,
ఒక వ్యవసాయ ప్రదర్శకుడు